నోటీసు సైట్‌లోకి ఎక్కేలోపే గడువు తీరిపోతోంది: వెబ్‌సైట్ల బాధ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల్లో ప్రభుత్వ కార్యాలయాలు, మున్సిపాలిటీలు, మార్కెట్ కమిటీల వెబ్‌సైట్ల బాధ్యత చూస్తున్న అధికారులకు, ఆ సైట్లను తయారుచేసి అప్పగించే డెవలపర్లకు నమస్కారం.

నేను ఒక కార్యాలయంలో నాలుగేళ్లు ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా పనిచేశాను. సైట్‌లో నోటీసులు ఎక్కించడం నా పని. ఇప్పుడు దేవరకొండలో నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. ఒకప్పుడు ఏ చేత్తో నోటీసులు పెట్టానో, ఇప్పుడు అదే చేత్తో ఆ నోటీసుల కోసం వచ్చేవాళ్లకు ప్రింట్లు తీసి ఇస్తున్నాను. మీలో చాలామంది రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని పనిచేస్తారని నాకు తెలుసు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఇదే విషయం మీద ప్రజావాణిలో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాను. రెండుసార్లూ రసీదు ఇచ్చారు. రెండుసార్లూ సంబంధిత విభాగానికి పంపించామని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందు పెడుతున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

ఒక కార్యాలయం కాంట్రాక్టు ఉద్యోగాలకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కార్యాలయం పేరు రాయను. పేరు రాస్తే అక్కడి ఆపరేటర్‌కు మెమో వస్తుంది, పద్ధతి మాత్రం మారదు. ఉత్తర్వు మీద 3వ తేదీన సంతకం అయింది. దరఖాస్తులు స్వయంగా జిల్లా కేంద్రంలో ఇవ్వాలి. చివరి తేదీ 12, సాయంత్రం 5 గంటల వరకు. నోటీసు సైట్‌లో కనబడింది మాత్రం 11వ తేదీ సాయంత్రం. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ వారమంతా నేను రోజూ పొద్దునా సాయంత్రం ఆ పేజీ తెరిచి చూశాను. మా దగ్గరి ఒక తండాలో ఏఎన్ఎం చదివిన అమ్మాయి రోజూ ఫోన్ చేసి "అన్నా, పడిందా?" అని అడిగేది.

12న పొద్దున్నే ఆమె వచ్చింది. దరఖాస్తు ప్రింట్ తీశాం. జిరాక్స్‌లు, ఫొటోలు, గెజిటెడ్ అధికారి సంతకాలు, బ్యాంకులో డీడీ అన్నీ కావాలి. డీడీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సంతకాలు పూర్తయ్యేసరికి మూడు కావొచ్చింది. అక్కడి నుంచి బస్సు. ఆమె ఆ ఆఫీసు మెట్లు ఎక్కేసరికి 5 గంటల 20 నిమిషాలు. దరఖాస్తులు తీసుకునే ఇన్‌వార్డ్ కౌంటర్ మూసేశారు.

మర్నాడు ఆమెతో పాటు నేనూ వెళ్లాను. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. కంప్యూటర్ మావైపు తిప్పి చూపించారు. "ఇదిగో చూడమ్మా, ప్రారంభ తేదీ 4 అని ఉంది కదా. వారం పైనే టైం ఇచ్చాం" అన్నారు.

ప్రారంభ తేదీ 4 అని నిజంగానే ఉంది. ఎందుకంటే ఆ గడిలో తేదీని ఆపరేటర్ చేత్తో కొడతాడు. ఉత్తర్వులో ఏ తేదీ ఉంటే అది కొడతాడు. నేనూ నాలుగేళ్లు అలాగే కొట్టాను. పేజీ జనానికి ఎప్పుడు కనబడిందో ఆ అసలు సమయం సిస్టమ్ లోపల నమోదై ఉంటుంది కానీ బయటివాళ్లకు కనబడదు. ఆ రోజు ఆ అమ్మాయి దగ్గర తన మాట తప్ప వేరే సాక్ష్యం లేకపోయింది. నేను పక్కన నిలబడి ఉన్నాను, నా మాటా చెల్లలేదు.

సంతకం 3న అయిన కాగితం 11 దాకా ఎక్కడ ఆగింది? ఆ ఆఫీసు లోపలి సంగతి నేను చూడలేదు. నేను పనిచేసిన చోట కాగితం నడిచే దారి మాత్రం చెప్పగలను.

సెక్షన్‌లో టైపిస్టు డీటీపీలో వాడే 'అను' అనే తెలుగు ఫాంట్‌లో కొడతారు. ప్రింట్ మీద సూపరింటెండెంట్ పొట్టి సంతకం పెడతారు. ఆ తర్వాత అధికారి పూర్తి సంతకం. సంతకమైన కాగితాన్ని ఎవరో ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తారు. ఫొటో వంకరగా ఉంటే స్కాన్ కాపీ కావాలని నేను అడుక్కోవాలి. అది వచ్చాక సైట్‌లో ఎక్కించి, ఆమోదం కోసం పంపాలి. అక్కడ మళ్లీ రెండు అంచెలు ఉన్నాయి. ముందు సూపరింటెండెంట్ లాగిన్, తర్వాత అధికారి లాగిన్. రెండోదానికి ఓటీపీ అధికారి సొంత ఫోన్‌కు వెళ్తుంది. సార్ ఫీల్డ్‌లో ఉన్నా, మీటింగ్‌లో ఉన్నా, హైదరాబాద్ వెళ్లినా నోటీసు అక్కడే కూర్చుంటుంది. ఒక అధికారికి బదిలీ అయ్యాక నెలకు పైగా ఓటీపీలు ఆయన కొత్త జిల్లాకే వెళ్లాయి. ప్రతి నోటీసుకూ ఆయనకు ఫోన్ చేసి, డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించమని మొదలుపెట్టి, ఓటీపీ అడిగి రాసుకునేవాణ్ని. పాపం, ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇందులో అసలు చిక్కు ఏమిటంటే, కాగితం మీద సంతకం పెట్టిన ఆ ఇద్దరే మళ్లీ కంప్యూటర్‌లో ఆమోదించాలి. రెండోసారి ఎవరూ చదవరు. ఒకసారి చదివి సంతకం పెట్టిందే కదా అనుకుంటారు, అది సహజం. ఒకసారి శీర్షికలో చివరి తేదీ 12కు బదులు నేను 21 కొట్టాను. రెండు లాగిన్లూ దాటి అది అలాగే జనంలోకి వెళ్లింది. ఆ తప్పు బయటపడింది ఒక పెద్దాయన 20వ తేదీన దరఖాస్తు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చినప్పుడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే. అయితే నా వెనక చూడాల్సినవాళ్లు ఇద్దరున్నారని నేను ధీమాగా ఉన్నాను. కాగితం మీద ముందే చూసి సంతకం పెట్టామని వాళ్లు ధీమాగా ఉన్నారు.

ఇది సాఫ్ట్‌వేర్ లోపమని, కొత్త సైట్ వస్తే సర్దుకుంటుందని చాలామంది అధికారులు అనుకుంటారు. నేను అలా అనుకోను. సైట్లు నడపడానికి వాడే సాఫ్ట్‌వేర్లలో డ్రూపల్ 2001 నుంచి, వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌లో 'కంట్రిబ్యూటర్' అనే పాత్ర ఉన్నవారు రాసి పంపగలరు, ప్రచురించలేరు. 'ఎడిటర్' ఎవరు రాసినదైనా సరిచూసి ప్రచురించగలరు. డ్రూపల్‌తో పాటే వచ్చే వర్క్‌ఫ్లోలో, అంటే నోటీసు నడిచే దారిలో, ఉన్నవి మూడే దశలు: డ్రాఫ్ట్, పబ్లిష్డ్, ఆర్కైవ్డ్. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే చిత్తుప్రతి, విడుదల, రికార్డు రూము. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ జూమ్లాలో 2021లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి కావలసిన దశలు మనమే పెట్టుకోవచ్చు. వీటిలో ఏది వాడినా ఇద్దరు మనుషులతో పని నడుస్తుంది. మిగతా అంచెలన్నీ టెండర్ కాగితంలో 'బహుళ అంచెల ఆమోదం' అని రాసినందువల్ల వచ్చినవి. ఆ మాట రాసినవారు ఒక్క రోజు ఆపరేటర్ పక్కన కూర్చుని ఉంటే రాసేవారు కాదు.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో మొదటిసారి వచ్చాయి, 2023లో మూడో వెర్షన్ వచ్చింది. సమాచారం ఎవరు ఇవ్వాలి, ఎవరు సరిచూడాలి, ఎవరు ఆమోదించాలి, పాతబడినది ఎక్కడికి పోవాలి, ఎన్నాళ్లకోసారి తిరిగి చూడాలి అన్నదానికి ప్రతి సైట్‌కూ రాసిపెట్టుకున్న విధానం ఉండాలని అవి చెబుతాయి. సైట్ మొత్తానికి బాధ్యత వహించే వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ ఒకరు ఉండాలని కూడా చెబుతాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రజలు అడగకముందే కార్యాలయాలు సమాచారం బయటపెట్టాలి. అదే సెక్షన్ స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని కూడా అంటుంది. నోటీసును గడువుకు ముందు రోజు సాయంత్రం పెట్టి, చట్ట ప్రకారం పెట్టాం అనుకుంటే సరిపోతుందా?

దీనివల్ల మన దగ్గర ఎవరికి ఏం జరుగుతోందో రోజూ నా షాపు బల్ల ఇవతల నుంచి చూస్తున్నాను.

1. వలస పోయినవాళ్లు. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబై, పుణె వెళ్లి పనిచేసేవాళ్లకు ఊరి ఆఫీసుతో ఉన్న బంధం ఫోన్ ఒక్కటే. సర్టిఫికెట్ల పరిశీలన ఫలానా రోజని సైట్‌లో చూసి, మేస్త్రీని బతిమాలి సెలవు తీసుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని వస్తారు. తేదీ మారిందని ఆఫీసు గోడ మీద అంటించిన కాగితం చెబుతుంది, సైట్ చెప్పదు. ఒకాయనకు రానుపోను చార్జీలు, మూడు రోజుల కూలీ పోయాయి. "కాగితం గోడకు అంటించినోళ్లు ఫోన్‌ల పెట్టలేరా?" అని నన్నడిగాడు. అంటించడానికి జిగురు చాలు, సైట్‌లో పెట్టడానికి ఓటీపీ కావాలని ఆయనకు నేనెలా చెప్పాలి?

2. రైతులు. యార్డుకు సెలవనో, కాంటాలు ఆపారనో నోటీసు ఆలస్యంగా పడితే వడ్లు, కందులు, బత్తాయి లోడు ట్రాలీ మీదే ఉండిపోతుంది. ట్రాలీకి వెయిటింగ్ చార్జీ పడుతుంది. మబ్బు పడితే లోడు మీద కప్పే పట్టా కిరాయి తోడవుతుంది. బత్తాయి అయితే ఆగేకొద్దీ రేటు పడిపోతుంది.

3. దొంగ నోటిఫికేషన్లు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. నిజమైన నోటీసు ఫొటో వాట్సాప్‌లో ముందు తిరుగుతుంది, సైట్‌లో వారం తర్వాత పడుతుంది. ఆ వారంలో జనానికి అసలుదేదో నకిలీదేదో చెప్పేవాళ్లు లేరు. సైట్‌లో లేదు కాబట్టి నకిలీదని నేను చెప్పలేను, ఎందుకంటే అసలు నోటీసులు కూడా సైట్‌లో ఉండవు. ఈ సందులోకే దళారులు దూరుతున్నారు. దరఖాస్తు ఫారం, ఫీజు, లోపలి మనిషి అంటూ డబ్బులు తీసుకుంటున్నారు. సంతకమైన రోజే నోటీసు సైట్‌లో ఉంటుందన్న నమ్మకం జనానికి కలిగితే, సైట్‌లో లేనిది నమ్మవద్దని నాలాంటివాడు ధైర్యంగా చెప్పగలడు.

4. చూపు లేనివారు. స్కాన్ చేసిన కాగితం వాళ్ల ఫోన్‌కు ఒక బొమ్మ మాత్రమే. ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేదు. అను ఫాంట్ అక్షరాలను అలాగే తెచ్చి పేజీలో అతికిస్తే చూపున్నవాళ్లకు కూడా అర్థంకాని గుర్తులే కనబడతాయి.

5. పాత నంబర్లు, పాత వివరాలు. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు వెళ్లాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిగా జిల్లా అయింది. ఇంతకాలం తర్వాత కూడా ఏ మండలానికి ఏ ఆఫీసో తెలియక తప్పు ఊరికి వెళ్లి వచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. పేజీని తిరిగి చూడాల్సిన తేదీ సిస్టమ్‌లో లేకపోతే ఆ పేజీని ఎవరూ తెరవరు.

అధికారుల భయం కూడా నాకు అర్థమవుతుంది. తప్పుడు నోటీసు వెళ్తే కోర్టు కేసులు, మెమోలు, పేపర్లో వార్తలు వస్తాయి. అందుకే ఇంకొకరు కూడా చూస్తే మంచిదనుకుంటారు. కానీ పైన చెప్పిన నా 21వ తేదీ తప్పును ఆపడానికి మూడో లాగిన్ పనికొచ్చేది కాదు. సరిచూసే మనిషి ముందు నాలుగు ప్రశ్నలుంటే అది ఆగేది. శీర్షికలోని తేదీ, ఉత్తర్వులోని తేదీ ఒకటేనా? జతచేసిన ఫైలు ఈ నోటీసుదేనా? ఫోన్ నంబరు పనిచేస్తోందా? చివరి తేదీ రోజు, సమయం రెండూ ఉన్నాయా? ఈ నాలుగింటికీ టిక్ పెడితేనే ప్రచురించే బటన్ పనిచేయాలి. ఇది చూడటానికి రెండు నిమిషాలు చాలు.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. మొదటి మూడు అన్నిటికన్నా ముఖ్యం.

1. ఇద్దరు చాలు. ఒకరు రాస్తారు, ఇంకొకరు సరిచూసి ప్రచురిస్తారు. కాగితం మీద అధికారి సంతకం అయిందంటే నిర్ణయానికి ఆమోదం వచ్చినట్టే. సైట్‌లో మిగిలిన పని సంతకమైన కాగితం, పేజీలో ఉన్న మాట ఒకటేనా అని చూడటం. దానికి మళ్లీ ఆ అధికారే అక్కర్లేదు, సెక్షన్‌లో జాగ్రత్తగా చదివే మనిషి కావాలి. ఫోన్ నంబరు మార్పు, సెలవు ప్రకటన, సమావేశం ఫొటోలు లాంటి వాటిని ఆపరేటరే నేరుగా పెట్టి, సరిచూసే మనిషి తర్వాత చూసుకున్నా నష్టం లేదు. ఉద్యోగాలు, టెండర్లు, డబ్బు, చివరి తేదీ ఉన్న వాటిని మాత్రం ముందే సరిచూడాలి. ఏది ఏ దారిలో వెళ్లాలో ఒక పేజీలో రాసి ఆపరేటర్ ముందు గోడకు పెట్టండి.

2. ప్రచురించిన తేదీ, సమయం సిస్టమే వేయాలి. చేత్తో కొట్టే వీలు ఉండకూడదు. అది ప్రతి నోటీసు కింద అందరికీ కనబడాలి. దరఖాస్తు గడువు ఉత్తర్వు తేదీ నుంచి కాక ఆ సమయం నుంచి లెక్కపెట్టాలి. సైట్ వల్ల ఆలస్యమైతే గడువు అన్ని రోజులూ దానంతటదే పెరగాలి. ఇలా ఒక్క నియమం పెడితే ఆలస్యం ఎక్కడ జరుగుతోందో వెతకాల్సిన పని ఉండదు, ఆఫీసే తొందరపడుతుంది.

3. సరిచూసే మనిషి లేనప్పుడు ఎవరు చూడాలో ముందే రాసి ఉండాలి. సరిచూసే మనిషి ఒక పనిదినంలో చూడకపోతే నోటీసు రెండో మనిషికి దానంతటదే వెళ్లాలి. లాగిన్ పోస్టుకు ఉండాలి, ఒకరి సొంత ఫోన్‌కు కాదు. బదిలీ అయినవారు రిలీవ్ అయ్యే రోజు చార్జ్ అప్పగించే కాగితంలో సైట్ లాగిన్ కూడా ఒక వరుసగా చేర్చండి. బీరువా తాళాలు ఎలా అప్పగిస్తారో ఇదీ అలాగే.

దీనికి సంబంధించి ఒక విషయం దాచకుండా చెప్పాలి. దారి కష్టంగా ఉన్నచోట అడ్డదారి పుడుతుంది. అధికారి పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకున్న రోజులు నాకున్నాయి. పని ఆగకూడదని ఆయనే ఇచ్చారు. అప్పుడు ఏ నోటీసు ఎవరు పెట్టారో, ఎవరు మార్చారో రికార్డులో అంతా ఆయన పేరుతోనే ఉంటుంది. భద్రత కోసం పెట్టిన రెండో తాళానికి చెవి తలుపుకే వేలాడుతూ ఉందన్నమాట. చిన్న దారి, ఎవరి లాగిన్ వాళ్లకు ఉంటే ఈ చీటీల అవసరమే రాదు.

4. అత్యవసరాలకు వేరే దారి కావాలి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర వరదల్లో అలంపూర్, రాజోలి మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు. జూరాల గేట్లు ఎత్తుతున్నారని, ఫలానా రోడ్డు మీద నీళ్లు వచ్చాయని, తాగునీటి సరఫరా ఆగిందని చెప్పే నోటీసుకు ఆమోదం కోసం ఆగే సమయం ఉండదు. ముందే తయారుచేసిన నమూనాలో ఊరు, సమయం నింపి డ్యూటీలో ఉన్న ఒక్క మనిషి ఫోన్ నుంచే పెట్టగలగాలి. ఆ తర్వాత గంటలో ఇంకొకరు సరిచూడాలి. ఇది వానాకాలం మొదలయ్యేలోపు చేసి, ఒకసారి ఉత్తుత్తిగా నడిపి చూడండి.

5. వెనక్కి పంపితే కారణం రాయాలి. వాపసు వచ్చిన నోటీసులో ఏం తప్పుందో తెలియక నేను గంటల తరబడి కారిడార్‌లో నిలబడ్డాను. డ్రూపల్‌లో ప్రతి మార్పుకూ చిన్న నోట్ రాసే గడి ఉంది. లేని చోట డెవలపర్లు ఒక గడి చేర్చండి. కారణం రాయకుండా వాపసు బటన్ పనిచేయకూడదు.

6. విడుదలైన పేజీని సవరిస్తున్నప్పుడు, సవరణ సరిచూసేదాకా పాత పేజీయే జనానికి కనబడాలి. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ప్రచురించిన పేజీని మార్చి అప్‌డేట్ నొక్కితే ఆ క్షణమే బయటకు వెళ్లిపోతుంది. డ్రూపల్‌లో కొత్త డ్రాఫ్ట్‌ను లోపల ఆపి ఉంచవచ్చు. ఏది వాడుతున్నారో చూసుకుని తగిన ఏర్పాటు చేయండి. సవరించిన నోటీసు పైన ఏం మారిందో ఒక వాక్యం ఉండాలి.

7. గడువు తీరిన నోటీసు తుడిచేయకండి, పాత నోటీసుల విభాగంలోకి పంపండి. అప్పీలుకు వెళ్లేవాళ్లకు అదే ఆధారం. వర్డ్‌ప్రెస్‌లో రాబోయే తేదీకి ప్రచురించేలా పెట్టుకునే సౌకర్యం దానిలోనే ఉంటుంది కానీ, గడువు తీరాక దానంతటదే తప్పుకునే ఏర్పాటుకు ప్లగిన్ (అదనంగా జతచేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్) కావాలి. ఫోన్ నంబర్లు, మండలాల జాబితాలు ఉన్న పేజీలకు ఆరు నెలలకోసారి గుర్తుచేసే తేదీ పెట్టండి.

8. తెలుగులో, ఏ ఫోన్‌లోనైనా అక్షరాలుగానే కనబడే యూనికోడ్‌లో రాయండి. సంతకం ఉన్న స్కాన్ కాపీ జతగా ఉండనివ్వండి. కానీ శీర్షిక, ఎవరు అర్హులు, చివరి తేదీ, ఎక్కడ ఇవ్వాలి అనే నాలుగు వాక్యాలు పేజీలోనే అక్షరాలుగా ఉండాలి. వెతికితే దొరకాలి, ఫోన్ చదివి వినిపించగలగాలి.

డెవలపర్లకు ఒక మాట విడిగా చెబుతాను. మీరు సైట్ అప్పగించేటప్పుడు డెమో అధికారి గదిలో పెద్ద తెర మీద ఇస్తారు. రోజూ వాడేది మాత్రం సెక్షన్‌లో మూలన కూర్చున్న ఆపరేటర్. సైట్ మొదలుపెట్టే ముందు ఆయన దగ్గర కూర్చుని, నిరుడు వచ్చిన పది నోటీసులు తీసుకుని, ఒక్కొక్కటి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో, ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో కాగితం మీద గీతలు గీయండి. ఒక పూట పని. ఆ గీతల్లో ఏ గడి దగ్గర ఎవరూ ఏమీ మార్చకుండా పంపారో అది తీసేయండి. మెనూలో ముప్పై బటన్లుంటే ఆపరేటర్‌కు కావలసిన నాలుగు మాత్రమే కనబడనివ్వండి: కొత్త నోటీసు, నా డ్రాఫ్టులు, వాపసు వచ్చినవి, విడుదలైనవి. బటన్ల మీద పేర్లు తెలుగులో ఉండాలి. నేను చేరిన మొదటి నెల 'సేవ్' నొక్కితే నోటీసు బయటకు వెళ్లిందనుకుని ఇంటికి వెళ్లిపోయాను. అది డ్రాఫ్ట్‌గానే ఉండిపోయింది. 'జనానికి కనబడేలా విడుదల చేయి' అని బటన్ మీదే రాసి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

ఈ మార్పులకు కొత్త సర్వర్లు, కొత్త టెండరు అక్కర్లేదు. ఎక్కువ భాగం ఉన్న సిస్టమ్‌లో పాత్రలు, అనుమతులు సరిచేస్తే అయిపోతాయి. ఏ కార్యాలయమైనా పిలిస్తే నేను వచ్చి ఒక రోజు కూర్చుని, నాకు తెలిసినంతలో చూపించడానికి సిద్ధంగా ఉన్నాను. రూపాయి అడగను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేస్తోంది. ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేసి "అన్నా, ఏమన్నా పడిందా?" అని అడుగుతుంది.

వచ్చే సోమవారం ప్రజావాణిలో మూడోసారి దరఖాస్తు ఇస్తున్నాను. దానికి ఈ లేఖ ప్రతి జతచేస్తాను. ఈసారి ఫలానా విభాగానికి పంపామన్న మెసేజ్ కాకుండా, 1, 2, 3 డిమాండ్లలో ఏది ఒప్పుకుంటున్నారో, ఏది ఒప్పుకోవడం లేదో, ఒప్పుకున్నది ఏ తేదీ నుంచి అమలవుతుందో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మాజీ డేటా ఎంట్రీ ఆపరేటర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా